ఆఖరివాడు వచ్చేదాకా

కళ్లద్దాల దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే ఆవిడకు ఇంట్లో ఒక పిలుపు, దుకాణంలో ఒక పిలుపు ఉన్నా, సైకిలు పందేల పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఆవిడ గొలుసక్కే. ఆ పందేల గురించి ముచ్చటించుకునేందుకు ఇంటర్నెట్లో ఒక ఫోరం ఉంది. అందులో చేరిన రోజున మారుపేరు ఏదైనా పెట్టుకోమన్నారు. ఆ పూటే తన సైకిలు గొలుసు తెగి చేతులు మసిబొగ్గుల్లా ఉన్నాయి కాబట్టి ‘గొలుసు’ అని పెట్టుకుంది. అక్క అన్న మాట తర్వాత జనం తగిలించారు.

అప్పట్లో అక్కడ ఉన్నది గుప్పెడు మంది. ఫోరం నడిపేది ఒకప్పుడు మందుల షాపు పెట్టి మానేసిన పెద్దాయన. ఆయన్ని మాత్రలాయన అనేవారు. కొత్తవాళ్లకు దారి చూపించడం, హద్దు మీరినవాళ్లను మందలించడం గొలుసక్క పని. గాలి ఎటు వీస్తే ఎవరికి లాభం, ఫలానా ఎత్తు మీద ఎవరు ఎక్కడ తేలిపోతారు, ఇవే కబుర్లు. పోట్లాడుకునేవాళ్లు, కానీ తెలిసినవాళ్ల పోట్లాట అది. ఓడినవాడు మర్నాడు వచ్చి ‘నువ్వన్నదే నిజమైంది’ అని ఒప్పుకునేవాడు.

రెండేళ్ల కిందట సైకిలు పందేల మీద సీరియల్లాంటిదొకటి ఫోన్లలోకి వచ్చింది. అందులో పందెం తక్కువ, కన్నీళ్లు ఎక్కువ. అది చూసినవాళ్లంతా తట్టాబుట్టా సర్దుకుని వచ్చి ఫోరం మీద పడ్డారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చినవాడల్లా తెల్లవారకుండానే మొదలుపెట్టేవాడు. అంత బలమున్నవాడు మొదటినుంచే ముందుకు పోకుండా గుంపులో ఎందుకు దాక్కుంటాడని ఒకడు. వెనకబడ్డవాళ్లు పరువుగా ఇంటికి పోవచ్చు కదా అని ఇంకొకడు. అందరికీ ఒకే చొక్కా కుట్టిస్తే చూడ్డానికి బాగుంటుందని మరొకావిడ.

గొలుసక్క మొదట్లో ఓపికగానే చెప్పింది. ముందు తొక్కేవాడు గాలిని చీలుస్తాడనీ, వెనకవాడికి ఆ చాటు దొరుకుతుందనీ, అందుకే నాయకుణ్ని ఆఖరి ఎత్తుదాకా చాటున దాచి తీసుకెళ్లడమే జట్టు చేసే పనంతా అనీ ఒక ఆదివారమంతా కూర్చుని రాసి, ఫోరం నెత్తిన అందరికీ కనపడేలా పెట్టింది. మర్నాడు సరిగ్గా దాని కిందే, ‘బలమున్నవాడు ముందే పోవచ్చు కదా?’ అన్న ప్రశ్న కొత్తగా వచ్చి కూర్చుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం దాన్ని కొరుకుతున్నావా అని అడుగుతాడు. వీళ్లు అదీ అడగలేదు.

తెలియనివాళ్లు అడగడం వరకు ఆవిడ సహించింది. వాళ్లు చెప్పడం మొదలుపెట్టాక సహించలేకపోయింది. అందరికంటే ముందుండేవాడు టర్బో అని పేరు పెట్టుకున్నవాడు. నిన్నగాక మొన్న చేరాడు, అప్పుడే తీర్పులిస్తున్నాడు. ఒకరోజు వాడు ముసలెద్దు మీద పడ్డాడు.

ముసలెద్దు అంటే ఒక పాత పందెగాడికి ఫోరంలోని పాతవాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు. పందెపు రోడ్ల మీద అంత వయసు వచ్చేదాకా మిగిలినవాళ్లు తక్కువ. ఎప్పుడూ ఒక్క పందెం కూడా గెలవలేదు. వెనక వచ్చే జట్టు కారు దగ్గరికి పోయి, నీళ్లసీసాలు చొక్కాలో వీపు నిండా కుక్కుకుని, గూనివాడిలా వంగి మళ్లీ గుంపును అందుకుని, తన జట్టు కుర్రాళ్లకు ఒక్కొక్కటే అందించడం అతని పని. ఒకసారి కొండ మీద నాయకుడి టైరు పంక్చరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చేసి, కారు వచ్చేదాకా రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. ఆ రోజు అతను రాయి మీద కూర్చుని మోకాలికి అంటిన మట్టి దులుపుకోవడం టీవీలో రెప్పపాటు కనపడింది. గెలిచినవాడి మొహం గొలుసక్కకు ఇప్పుడు గుర్తులేదు. ఆ దులుపుకోవడం గుర్తుంది.

అలాంటి మనిషిని పట్టుకుని టర్బో, ‘ఈ ముసలాణ్ని ఇంకా ఎందుకు మేపుతున్నారు? ఒక్కటీ గెలవలేదు, దండగ’ అని రాశాడు. గొలుసక్కకు ఒళ్లు మండింది. సీసా అందించేవాడు లేకపోతే నువ్వు చప్పట్లు కొట్టే వీరుడు సగం దారిలో నాలుక బయటపెట్టి పడిపోతాడని, ముందు ఫోరం నెత్తిన ఉన్నది చదివి వచ్చి మాట్లాడమని రాసింది. దానికి వాడు, ‘ఫోరం మీ తాతగారి ఆస్తా అక్కా?’ అని జవాబిచ్చాడు. కిందంతా నవ్వే బొమ్మలు, ఎర్ర గుండెలు. ఆవిడకు కోపం రాలేదు. తెలియక వంటింట్లో బొద్దింక మీద అడుగు వేస్తే అరికాలికి ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇంట్లో ఊరట ఉందా అంటే అదీ లేదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పందేల ఊసు పట్టదు, భార్య చెబుతుంటే మాత్రం ఊకొడతాడు. ఆయన చెల్లెలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. పైగదిలో వీళ్లతోనే ఉంటుంది. ఆ సీరియల్ గాలి ఈ ఆడపడుచుకూ సోకింది. చొక్కా రంగు చూసి జట్టును ఎంచుకుంది. టీవీ ముందు కూర్చుని, “వదినా, ఈ ముందున్నతనికి పెళ్లయిందా?” అని అడిగేది. బయట ఈగలు ముసురుతున్నాయని తలుపేసుకుంటే, ఇంట్లోనే తేనెపట్టు పెట్టినట్టుంది గొలుసక్కకు.

ఆ ఏడాది, రోజుకో ఊరి మీదుగా వారాలపాటు సాగే పెద్ద పందెంలో ఒకరోజు దారి వాళ్ల ఊరి కొండ మీదుగా పడింది. ఏ కొండనైతే గొలుసక్క ప్రతి ఆదివారం తన సైకిలు మీద ఎక్కుతుందో అదే. ప్రకటన వచ్చినప్పటినుంచి ఆవిడకు నిద్రలో కూడా ఆ మలుపులే. ఒంటరిగా పోదామనుకుంది. భర్త నెమ్మదిగా, “చెల్లిని కూడా తీసుకెళ్లు. నెల్లాళ్లనుంచి నీ మొహం వంక చూస్తోంది, అడగడానికి భయం,” అన్నాడు. కాదనలేకపోయింది.

తెల్లవారుజామునే నడిచి వెళ్లి ఆఖరి మలుపు పైన చోటు చూసుకున్నారు. అక్కడ రోడ్డు నిట్టనిలువుగా లేస్తుంది, ఎంతటివాడైనా మెల్లగా పోవాల్సిందే. పొద్దెక్కేకొద్దీ జనం దిగారు. స్పీకర్లు దిగాయి, కుర్చీలు దిగాయి, కోడిపుంజు వేషం వేసిన లావుపాటి మనిషి దిగాడు. గొలుసక్క ఏళ్ల తరబడి ఊపిరి తీసుకోవడానికి ఆగే గోడ పక్కన వరసగా నిలబడి మగాళ్లు పోసేశారు. ఆ వాసన ఎండకు లేచి చుట్టూ కమ్ముకుంది. ఒక తండ్రి తన కూతురికి, పసుపు చొక్కావాడు కెప్టెనని, మిగిలినవాళ్లంతా అతని శత్రువులని వివరిస్తున్నాడు. పసుపు చొక్కా అంటే అప్పటిదాకా మొత్తం టైములో ముందున్నవాడని కూడా తెలియని ఆ మాటలకు గొలుసక్క పళ్లు నూరుకుంది. ఆడపడుచు ఆవిడ చెయ్యి పట్టుకుని, “పోనీ వదినా,” అంది.

పందెం కంటే ముందు ప్రచారం బళ్లు వచ్చాయి. వాటి మీదినుంచి ఊరికే వచ్చే టోపీలు, తాళాల గుత్తులు విసిరారు. పెద్దపెద్దవాళ్లు వాటికోసం మోకాళ్ల మీద పాకారు. ఒకాయన పసిపిల్ల చేతిలోంచి టోపీ లాక్కుని చంకలో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూశాడు.

ఆ గుంపులోనే ఆవిడ టర్బోను చూసింది. చొక్కా లేదు. నెత్తిన ఆకుపచ్చ విగ్గు, వీపు మీద రంగుతో ఫోరంలోని పేరు అంతంత అక్షరాలతో రాయించుకున్నాడు. కుర్రాడేమో అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. నలభై దాటిన మనిషి. బొజ్జ ఊగుతోంది. కర్రకు ఫోను బిగించి, తన మొహాన్నే తీసుకుంటూ అరుస్తున్నాడు. పలకరిద్దామా అని కూడా అనిపించలేదు. మొహం తిప్పేసుకుంది.

ముందున్నవాళ్లు వచ్చారు. ఒక ఈల, ఒక మోటారుసైకిలు, తర్వాత నలుగురు, ఉప్పు చారలు కట్టిన మొహాలతో. వాళ్ల ఊపిరి వినపడేంత దగ్గరగా పోయారు. గొలుసక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఊపిరి వినడానికే ఆవిడ వచ్చింది. కానీ పక్కన ఉన్నవాళ్లెవరూ వాళ్లను చూడటం లేదు. అందరూ రోడ్డుకు వీపు పెట్టి నిలబడి, ఫోన్లో తమ భుజం వెనక ఎవరు పోతున్నారో చూసుకుంటున్నారు.

గుంపు పోయింది, విడిపోయిన ముక్కలు పోయాయి. అంతే, పెళ్లిలో వడ్డన అయిపోయినట్టు జనం లేచారు. కుర్చీలు మడిచి, డబ్బాలు మోసుకుని, రోడ్డు వెడల్పునా దిగడం మొదలుపెట్టారు. ఇంకా ఒకడు కింద ఉన్నాడని ఎవరికీ పట్టలేదు. గొలుసక్కకు పట్టింది. ముసలెద్దు ఇంకా రాలేదు. ఆ పందెంలో రోజూ ఒక గడువు ఉంటుంది. గెలిచినవాడు గీత దాటాక ఆ గడువు లోపల రానివాణ్ని మర్నాడు తొక్కనివ్వరు. పొద్దున్నే ఒకసారి పడ్డాడని, మోచెయ్యి చీరుకుపోయిందని ఆడపడుచు ఫోన్లో వార్త చూసి చెప్పింది. ఇదే తన ఆఖరి ఏడాదని అతను ముందే చెప్పి ఉన్నాడు.

కాసేపటికి కింది మలుపులో కనపడ్డాడు. వెనకే, ఆగిపోయినవాళ్లను ఎక్కించుకునే వ్యాను. దాన్ని చీపురు బండి అంటారు. అతను సైకిలు మీద అటూ ఇటూ ఊగుతూ, మోచేతికి కట్టిన గుడ్డ ఎర్రగా తడిసి, ఎదురుగా దిగివస్తున్న జనంలోంచి దారి వెతుక్కుంటున్నాడు. సంతలో తప్పిపోయిన ఎద్దులాగే ఉన్నాడు. గొలుసక్క రోడ్డు మధ్యకు వెళ్లి చేతులు చాపి, పక్కకు జరగండి, ఇంకా ఒకరు వస్తున్నారు అని అరవసాగింది. కొందరు జరిగారు. కొందరు, ‘ఆఖరివాడేగా’ అని నవ్వారు.

అప్పుడు టర్బో పక్కనుంచి ఉరికాడు. ముసలెద్దు పక్కనే పరిగెడుతూ, కర్ర ముందుకు చాపి ఇద్దరి మొహాలూ అందులో పడేలా పట్టుకుని, రెండో చేత్తో అతని వీపు మీద చరుస్తూ, పద పద అని కేకలు. ముసలెద్దు తల అడ్డంగా ఊపాడు, వద్దని. ఇంకో రెండడుగులు పోయాక కర్ర హ్యాండిల్‌లో చిక్కుకుంది. సైకిలు గిర్రున తిరిగింది. మనిషి ఆ చీరుకుపోయిన మోచెయ్యి మీదే పడ్డాడు.

వెంటనే ఫోన్లు లేచాయి. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. చుట్టూ మూగినవాళ్లలో ఒక్కడూ వంగలేదు, అందరూ తీశారు. టర్బో తన ఫోను పగిలిందేమో తిప్పి చూసుకుంటున్నాడు. “చూసుకుని తొక్కాలి కదండీ,” అన్నాడు కూడా.

సైకిలు నుంచి జారిన సీసా పల్లానికి దొర్లితే నల్లకళ్లద్దాల ఆయనొకడు అందుకుని సంచీలో వేసుకున్నాడు. ఇంటికి గుర్తుగా. అది ఆడపడుచు చూసింది. పళ్ల డాక్టరు దగ్గర మొండికేసిన రోగుల్ని కూర్చోబెట్టే గొంతుతో, “ఆ సీసా ఇలా ఇవ్వండి,” అంది.

“దొరికిందమ్మా నాకు.”

“దొరకలేదు. ఆయన బతికే ఉన్నాడు, అక్కడే కూర్చున్నాడు. దాహమేస్తుంది. ఇవ్వండి.”

ఆయన అటూ ఇటూ చూసి సంచీ విప్పాడు. ఆడపడుచు తీసుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని ముసలెద్దు చేతికిచ్చింది. అతను తాగాడు. అతను పడ్డప్పటినుంచీ గొలుసక్క టర్బోకూ అతనికీ మధ్య, అతనికి వీపు పెట్టి గోడలా నిలబడే ఉంది. ముసలెద్దు తనే లేచి, ఊడిన గొలుసును తనే పళ్లచక్రానికి తగిలించుకుని, ఎక్కి, కొండ మీదికి పోయాడు. చీపురు బండి అతని వెనకే పోయింది.

గీత దాటేసరికి గడువు అయిపోయింది. కొద్ది తేడాలో.

ఇల్లు చేరి చేతులు కడుక్కునేలోపే ఫోరంలో టర్బో వీడియో వచ్చేసింది. వీపు చరచడం వరకే ఉంచి, మిగిలింది కోసేశాడు. పైన, ‘అందరూ వదిలేసినా ఆఖరివాడి వెంట పరిగెత్తింది నేనొక్కణ్నే’ అని రాసుకున్నాడు. నిన్నటిదాకా దండగ అన్న నోటితోనే. దానికింద పొగడ్తలు వరదలా వస్తున్నాయి. నిజమైన అభిమాని అంటే మీరే అన్నారు. కన్నీళ్లు ఆగలేదన్నారు.

గొలుసక్క జరిగింది జరిగినట్టు, ఒక్క తిట్టు లేకుండా రాసింది. రుజువేదన్నారు; ఆ చుట్టూ మూగి తీసినవాళ్లెవరూ దాన్ని ఫోరంలో పెట్టలేదు. కొత్తవాళ్లంటే పడదు కాబట్టి అబద్ధాలు కల్పిస్తోందన్నారు. ఒకడు ఆవిడ పేరులోని గొలుసును కుక్క మెడలో వేసి బొమ్మ గీశాడు. పాతవాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నోరు విప్పలేదు. చదివారని తెలుస్తూనే ఉంది.

పైగదినుంచి ఆడపడుచు దిగివచ్చింది. చేతిలో ఫోను.

“వదినా, నేను మొత్తం తీశాను. మొదటినుంచి సీసా కోసం వెళ్లేదాకా. ఇది పెడితే వాళ్ల నోళ్లు మూతపడతాయి.”

గొలుసక్క ఫోను తీసుకుని చూసింది. అంతా ఉంది. కర్ర చిక్కుకోవడం, పడటం, ఫోను పగిలిందేమో చూసుకోవడం. ఆ తర్వాత, తను వీపు తిప్పి నిలబడటం వల్ల అప్పుడు చూడనిది కూడా ఉంది. రోడ్డు మీద కూర్చున్న ముసలెద్దు ఏడుస్తున్నాడు. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచక, నోరు తెరుచుకుని, ముక్కు కారుతూ, పిల్లాడిలా. చుట్టూ ఫోన్లు పట్టుకున్నవాళ్ల కాళ్లు.

రెండోసారి చూడలేదు. దీన్ని పెడితే టర్బో అబద్ధం తేలిపోతుంది, నిజమే. కానీ రాత్రికల్లా ఆ ఏడుపు మొహాన్ని కోసి తీసి, సోమవారం ఆఫీసుకు పోవాలంటే నా మొహం అని, పెళ్లాం అరిస్తే నా మొహం అని, వెయ్యి రకాలుగా రాసి తిప్పుతారు. అది తప్ప వాళ్లకు వేరే పని తెలియదు. అన్నేళ్లు నీళ్లు మోసిన మనిషి జనానికి చివరికి అలా గుర్తుంటాడు.

“వద్దు. తీసెయ్,” అంది.

“నిన్ను అబద్ధాలకోరు అంటున్నారు వదినా.”

“అననీ. వాళ్లు నన్నేమనుకుంటే నాకేం. వాళ్ల చేతికి ఇతన్ని ఇవ్వను.”

ఆడపడుచు వదిన కళ్లముందే తీసేసింది. తీసేశాక, అసలు అతను పడ్డప్పుడు కూడా తీస్తూనే ఉన్నందుకు తన మీద తనకే అసహ్యమేసిందని మెల్లగా అంది. సీసా కనపడేదాకా ఫోను దించాలని తోచలేదట. గొలుసక్కకు ఆ మాటను కాదనడానికి మనసొప్పలేదు, ఔననడానికీ ఒప్పలేదు.

ఆ సాయంత్రమే మాత్రలాయన ఆ గొడవంతా తుడిచేశాడు. గొలుసక్క రాసింది పోయింది. టర్బో వీడియో మాత్రం ఉంది, ఎక్కువమంది చూస్తున్నారు కాబట్టి. ఆవిడ ఫోన్ చేసింది. ఆయన చాలాసేపు ఇటూ అటూ తిప్పి మాట్లాడాడు. ఇద్దరిదీ కాస్త కాస్త తప్పుంటుందన్నాడు. వేడి చల్లారాలన్నాడు. జనం వస్తేనే ఫోరం బతుకుతుందన్నాడు.

“మీరు నా మాట నమ్ముతున్నారా లేదా, అది చెప్పండి,” అని అడిగింది ఆవిడ.

“నమ్ముతానమ్మా. నిన్ను నమ్మకపోవడమేమిటి?”

“నమ్మి తుడిచేశారు.”

ఆయన మాట్లాడలేదు. టర్బో మీద కంటే, వాడి వెనక పళ్లికిలించిన గుంపు మీద కంటే, ఈ మౌనం మీద ఆవిడకు ఎక్కువ రోత పుట్టింది. వాళ్లకు తెలియదు. ఈయనకు తెలుసు. ఇక తన పని ఇంకెవరికైనా అప్పగించుకోమని చెప్పి పెట్టేసింది. ఫోరంనుంచి తన పేరు తీసేసుకుంది. ఇన్నేళ్ల రాతలు పోతాయి, సరేనా అని అది అడిగితే సరేనని నొక్కింది.

మర్నాడు దుకాణానికి వెళ్తే, కళ్లజోడు కాలు విరిగిందని వచ్చిన ఒకావిడ కౌంటరు దగ్గర నిలబడి ఆకుపచ్చ విగ్గాయన వీడియో గురించే దుకాణం యజమానికి చెబుతోంది. ఈ కాలంలో కూడా అలాంటి మంచివాళ్లున్నారట. గొలుసక్క వెనక గదిలో యంత్రం ఆన్ చేసింది. ఆ రొదలో మిగతాది వినపడలేదు.

సాయంత్రం టీవీ పెట్టనని అనుకుంది. భర్త లిఫ్టు పనినుంచి వచ్చి, తనే పెట్టి, వంటింట్లోకి పోయాడు. కాసేపటికి ఆవిడ వచ్చి కూర్చుంది. ఆడపడుచు క్లినిక్కునుంచి వస్తూనే చెప్పులు విడిచి, “ముసలాయన ఎక్కడున్నాడు వదినా, వెనకేనా?” అంది.

“లేడు. గడువు దాటిపోయాడుగా. ఇంటికి పంపేశారు.”

“ఒక్కరోజు ఆలస్యమైతే మొత్తం పోయినట్టేనా?”

“మొత్తం పోయినట్టే.”

“అన్యాయం కదా.”

ఇంకో రోజైతే గొలుసక్క ఆ మాటకు మండిపడి, గడువు ఎందుకు పెట్టారో, లేకపోతే సగం మంది విహారానికి వచ్చినట్టు ఎలా తొక్కుతారో వివరించి ఉండేది. ఇప్పుడు గొంతు తగ్గించే చెప్పింది. “గడువు అన్యాయం కాదు. అతను అందుకునేవాడే. ఆ మలుపు దగ్గర నేను లెక్క కట్టుకునే చూశాను. అందుకునేవాడే.”

ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. అందులో ఇంకో ఊరు, ఇంకో కొండ, రోడ్డుకు రెండు పక్కలా ఫోన్లు పట్టుకుని వీపులు తిప్పిన జనం. వాళ్ల మధ్యనుంచి సన్నటి సందులోంచి ఒక్కొక్కరే పోతున్నారు. గొలుసక్క లేచి వెళ్లి తెరకు ఇంకాస్త దగ్గరగా కుర్చీ లాక్కుంది, తొక్కేవాళ్ల మొహాలు మాత్రమే కనపడేలా.